కొడుకుకంటే తొమ్మిదేళ్ళు చిన్న

నీండకర వసుమతి తన ఇరవై తొమ్మిదో ఏట ముప్పై ఎనిమిదేళ్ళ మగవాడికి తల్లి అయింది. ఆ కాన్పు ఎలా జరిగిందో దగ్గరుండి చూసినవాణ్ణి నేను.

అప్పట్లో నేను కొల్లంలోని సాగరకళా నాటక సంఘంలో ప్రాంప్టర్‌ని. పక్క తెర వెనక స్టూలు వేసుకుని, నాటకం ప్రతి ఒళ్ళో పెట్టుకుని, మాట మరిచిపోయినవాళ్ళకు మాట అందించడం నా పని. నా పేరు దివాకరన్. వసుమతి మా సంఘంలో కథానాయిక. నీండకర చేపల రేవులో పుట్టి పెరిగిన మనిషి. పడవ ఇంజన్ల మోత మీద కేకలేసి మాట్లాడి మాట్లాడి ఆమె గొంతు రాటుదేలింది. మైకు చచ్చిపోయినా చివరి వరస దాకా వినిపించేది. చిన్నా పెద్దా అందరం ఆమెను అక్కా అన్నట్టు చేచ్చీ అనే పిలిచేవాళ్ళం.

ఆ ఏడు ఓచిర దగ్గర ఒక ఉత్సవంలో మా నాటకం పెట్టారు. అవ్వ వేషం వేసే గోమతియమ్మ వస్తున్న జీపు ఏనుగుల ఊరేగింపు వెనక ఇరుక్కుపోయింది. డ్రైవరు ఆగకుండా హారన్ కొట్టాడట. మావటికి ఒళ్ళు మండి, కిందికి దిగి, జీపు తాళంచెవి లాక్కుని ఏనుగు మెడగొలుసుకు కట్టేసుకుని పోయాడట. ఇక్కడేమో జనం ఈలలు వేస్తున్నారు. మా యజమాని ఫల్గుణన్ పిళ్ళ తల పట్టుకున్నాడు.

"అవ్వ లేకపోతే కథే లేదు కదరా దివాకరా!"

"అవ్వ నేను వేస్తాను," అంది వసుమతి.

"మరి మనవరాలో?"

"అదీ నేనే."

"ఇద్దరూ కలిసి ఏడ్చే రంగం ఉంది తల్లీ చివర్లో!"

"అది వచ్చినప్పుడు చూద్దాంలే అన్నా."

చూశాం. తెల్ల విగ్గు పెడితే అవ్వ, తీస్తే మనవరాలు. చివరి రంగానికి వేదిక మధ్యన అట్ట స్తంభం ఒకటి నిలబెట్టించింది. ఇటు పక్క మనవరాలై ఏడ్చేది, స్తంభం వెనక నుంచి చుట్టూ తిరిగి వచ్చి అటు పక్క అవ్వై ఓదార్చేది. ఒకసారి తొందరలో విగ్గు చేతిలోనే ఉండిపోయింది. మనవరాలు అవ్వ జుట్టు పట్టుకుని ఏడుస్తోందనుకుని జనం ఇంకా ఎక్కువ ఏడ్చారు.

ముందు వరసలో ఒక సినిమా దర్శకుడు ఉన్నాడు. నాటకం అయ్యాక వేదిక వెనక్కి వచ్చాడు.

"ఆ అవ్వ ఎవరండీ? ఆవిడ నాకు కావాలి. ఏం నటనండీ అది! ఆ మనవరాలు పిల్లనొక్కదాన్నీ మార్చేయండి. కర్రలా నిలబడుతోంది."

వసుమతి అప్పటికి ముఖంలో ఒక పక్క ముడతలు తుడుచుకుంది, ఇంకో పక్క తుడుచుకోలేదు. ఏ పక్కకు తిరిగి నమస్కారం పెట్టాలో తెలియక నేలకేసి చూస్తూ పెట్టింది.

అలా ఆమె ఇంద్రసేనన్‌కు తల్లి అయింది. ఇంద్రసేనన్ అంటే అప్పుడప్పుడే పెద్ద హీరో అవుతున్నాడు. ఊరూరా కుర్రకారు ఇంద్రన్నా అన్నట్టు ఇంద్రేట్టన్ అంటూ జెండాలు కడుతున్న రోజులు. మొదటి సినిమాలో వసుమతి కొడుకు కోసం రాళ్ళు మోసి, చూపు పోగొట్టుకుని, చివర్లో అతని ఒళ్ళో ప్రాణం విడిచింది. సినిమా నూరు రోజులు ఆడింది. ఇక ఆమె లేకుండా అతని సినిమా లేదు. పందొమ్మిదేళ్ళలో ముప్పై ఒక్క సినిమాలు. తొమ్మిదింటిలో గుడ్డిది, పద్నాలుగింటిలో దగ్గు, రెండింటిలో జైలు. అన్నిటిలోనూ విధవ.

సినిమా సినిమాకూ అతను చిన్నవాడవుతూ వచ్చాడు, ఆమె ముసలిదవుతూ వచ్చింది. అతని వయసు తగ్గించడానికి మేకప్‌మ్యాన్‌కు రెండు గంటలు పట్టేది, ఆమె వయసు పెంచడానికి గంట. నేను నాటకాలు మానేసి ఆమెకు షూటింగ్ తేదీలు చూసుకుంటూ వెంట తిరిగేవాణ్ణి. మొదట్లో ఒకసారి ఆమె అతనితో మెల్లగా అంది.

"సార్, షాట్ అయిపోయాక కూడా అమ్మా అంటున్నారు. నేను మీకంటే తొమ్మిదేళ్ళు చిన్నదాన్ని."

"అమ్మకు వయసేమిటమ్మా," అన్నాడు ఇంద్రసేనన్. అంటూనే అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజం నీళ్ళే. దాంతో ఆమె ఆ మాట ఎత్తడం మానేసింది.

బయట ఇంకా కష్టంగా ఉండేది. ముప్పై మూడేళ్ళ మనిషి బస్సెక్కితే డెబ్భై ఏళ్ళ ముసలాయన లేచి సీటిచ్చేవాడు. చేపల బజారులో ఆడవాళ్ళు చుట్టుముట్టి, "కళ్ళు కనిపిస్తున్నాయా అమ్మా ఇప్పుడు?" అని వేళ్ళు చూపించి లెక్కపెట్టమనేవారు. అన్నిటికంటే కష్టపడ్డవాడు ఆమె మొగుడు సుగుణన్. అతను రేవులో పడవ ఇంజన్లు బాగుచేసే మెకానిక్, నోట్లో నాలుక లేని మనిషి. ఒక రోజు ఇంద్రసేనన్ అభిమాన సంఘం నుంచి ఐదుగురు వచ్చి వరండాలో కూర్చున్నారు.

"ఏమీ అనుకోకు సుగుణన్ అన్నా. ఇంద్రేట్టన్ అమ్మను నువ్వు స్కూటర్ మీద ఎక్కించుకుని తిరుగుతున్నావట."

"నా పెళ్ళాం కదా తమ్ముడూ."

"అది మాకు తెలుసు. జనానికి తెలియదు కదా. విధవరాలు ఎవడి నడుమో పట్టుకుని పోతోందంటే ఇంద్రేట్టన్ పరువేం కావాలి?"

సుగుణన్ చేతుల గ్రీజు గుడ్డతో తుడుచుకున్నాడు. "మరి ఏం చెయ్యమంటారు?"

"కనీసం జుట్టుకు రంగు మానెయ్యన్నా. కాస్త పెద్దమనిషిలా కనబడు. ఆమె బాబాయివని చెప్పుకుంటాం."

అతను రంగు మానేశాడు. వసుమతి తిట్టిన తిట్లు రేవు దాకా వినిపించాయి గానీ, అతను మాత్రం బాబాయిగానే కొన్నేళ్ళు స్కూటర్ నడిపాడు.

ఇలా సాగుతుండగా ఒక జూన్ నెలలో, వాన కాస్త తెరిపిచ్చిన పొద్దున, ఒక ముసలావిడ గొడుగు, గుడ్డసంచి పట్టుకుని వసుమతి ఇంటికి వచ్చింది. సన్నగా, నిటారుగా ఉంది. నేను అక్కడే పేపరు చదువుతున్నాను. ఆవిడ గొడుగు మడిచి, నావైపు చూసి, "కాళ్ళు కిందికి దించి కూర్చో," అంది. దించాను.

"నా పేరు కార్త్యాయని. మాన్నార్‌లో లెక్కల టీచర్‌గా చేసి రిటైరయ్యాను. మీరు ఇంద్రసేనన్ అనేవాడు నా కొడుకు కుట్టప్పన్."

వసుమతి లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది. "అయ్యో టీచర్! ఇల్లు ఎలా కనుక్కున్నారు?"

"బస్టాండులో ఇంద్రసేనన్ తల్లి ఇల్లెక్కడ అని అడిగాను. ఐదుగురు చూపించారు. మా ఊళ్ళో అడిగినా ఇక్కడికే పంపిస్తారు."

వసుమతి ముఖం తెల్లబోయింది. ఆవిడ దెబ్బలాటకు వచ్చిందనే ఇద్దరం అనుకున్నాం. టీచర్ మంచినీళ్ళు తాగి, గ్లాసు బోర్లించి పెట్టి, సూటిగా చెప్పింది.

"మొన్నటి సినిమాలో వాడు నీ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాడు. గడియారం పెట్టుకుని చూశాను. నాలుగు నిమిషాల పది సెకన్లు. పోయిన ఏడాది మొత్తం మీద వాడు నాతో మాట్లాడింది కూడితే మూడు నిమిషాలు రాదు. నువ్వేం చేస్తావో నాకు నేర్పు."

"అది నటన కదా టీచర్!"

"నటనైతే మరీ మంచిది. నేర్చుకుంటే వస్తుంది."

ఆవిడకు ఎనభై ఒక్క ఏళ్ళు. వద్దని ఎవరు చెప్పగలరు? ఆ మధ్యాహ్నమే పాఠం మొదలైంది. కొడుకు వేషానికి సుగుణన్‌ను పట్టుకొచ్చారు. అతను గ్రీజు చేతులు కడుక్కుని వచ్చి టీచర్ ఒళ్ళో తల పెట్టాడు.

"ఇప్పుడు తల నిమరండి టీచర్. మెల్లగా. జుట్టులోకి వేళ్ళు పోనివ్వండి."

"చుండ్రు ఉంది."

"అది అనకూడదు. 'బిడ్డా, అన్నం తిన్నావా' అనండి."

"బిడ్డా, అన్నం తిన్నావా?" హోంవర్కు చేశావా అన్నట్టే ఉంది ఆ అడగడం. సుగుణన్ దిగ్గున లేచి నిలబడి, "తిన్నాను టీచర్!" అన్నాడు.

వారం రోజులు ఇదే పని. దగ్గు నేర్పితే ఆవిడ తరగతిని నిశ్శబ్దం చెయ్యడానికి దగ్గినట్టు దగ్గేది. పక్కింటి పిల్లలు కూడా నోరు మూసుకునేవారు. 'నవమాసాలు మోశాను నిన్ను' అనే మాట దగ్గర ఒక పూటంతా ఆగిపోయాం. "నవమాసాలు కాదు, రెండు వందల డెబ్భై తొమ్మిది రోజులు. నాకు గుర్తుంది," అంటుంది టీచర్. వసుమతి బతిమాలుతుంది. ఆవిడ వినదు. నేను మామూలుగా మాట అందిస్తే, "ఎవరది వెనక నుంచి జవాబు చెప్పేది?" అని గద్దించేది. అయినా సాయంత్రాలు ఇద్దరు ఆడవాళ్ళూ వరండాలో కూర్చుని చేపలు తోముతూ తెగ నవ్వుకునేవారు. కవళ్ళ చేపల పులుసు టీచర్‌కు మహా ఇష్టం. ఆవిడ ఎవరికీ చెప్పకుండా వచ్చిందని, ఇంటికి ఉత్తరం ముక్క రాయలేదని మాకు అప్పుడు తెలియదు.

ఎనిమిదో రోజున హెడ్ కానిస్టేబుల్ వచ్చాడు. వసుమతిని చూడగానే టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"అమ్మా, మీరు తప్పిపోయారని మీ అబ్బాయి ఫిర్యాదు ఇచ్చారు."

"నేను ఇంట్లోనే ఉన్నాను కదండీ."

"అదే నాకూ కనబడుతోంది. ఇంద్రసేనన్ సార్ తల్లి, వారం నుంచి కనబడుట లేదు అని రాసి ఉంది. కనబడుతున్నారు కాబట్టి కేసు మూసేస్తాను. ఇక్కడ ఒక సంతకం పెట్టండి."

"తప్పిపోయింది నేను," అంది టీచర్ వెనక నుంచి.

"మీరుండండి అమ్మమ్మా. పెద్ద విషయం మాట్లాడుకుంటున్నాం."

"నేనే వాడి తల్లిని. ఆ కాగితంలో వయసు ఎంత రాసి ఉంది?"

"ఎనభై ఒకటి." అతను వసుమతిని ఎగాదిగా చూశాడు. "బాగా నిలబెట్టుకున్నారమ్మా శరీరం," అని మెచ్చుకుని, సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. తల్లి క్షేమంగా దొరికిందన్న కబురు ఇంద్రసేనన్‌కు అందింది.

మరునాడు పొద్దున్నే అతని కారు వచ్చింది. కారు వెనక అభిమానులు, అభిమానుల వెనక చేపల బజారు మొత్తం. ఇంద్రసేనన్ గుమ్మం దాటి వచ్చి, ఎదురుగా వసుమతి కనబడగానే అలవాటు కొద్దీ ఆమె కాళ్ళ మీద పడిపోయాడు. "అమ్మా! ఎక్కడికి పోయావమ్మా!" అని భోరుమన్నాడు. సగం ఏడుపులో తల ఎత్తితే పక్కన కుర్చీలో కన్నతల్లి కనబడింది. అంతే, గభాలున లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. యాభై ఏడేళ్ళ మనిషి, కనబడితే చాలు రాష్ట్రమంతా కేకలేసే మనిషి, గోడకు ఆనుకున్న బడిపిల్లవాడిలా ఉన్నాడు.

 అతను నావైపు వంగి గుసగుసగా అడిగాడు. "దివాకరా, ఇక్కడ నా డైలాగ్ ఏమిటి?"

నేను వంటింటి తలుపు వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. నాకు తెలిసిన పని అదొక్కటే. "అమ్మా, నన్ను క్షమించు," అని అందించాను.

"అమ్మా, నన్ను క్షమించు."

"బిడ్డా..." అంది టీచర్. ఇంతలో నేర్చుకున్నదంతా ఆవిడకు కలగాపులగమైపోయింది. దగ్గింది. తల నిమరడానికి చెయ్యి పైకెత్తింది. చెయ్యి లేవగానే అతను వెనక్కి తగ్గాడు. ఆవిడ చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. వసుమతి కొంగు నోట్లో కుక్కుకుంది. నా దగ్గర ఆ రంగానికి మాటలు లేవు.

అప్పుడు టీచర్ చెయ్యి దించి తన మామూలు గొంతుతో అడిగింది. "పదిహేడు ఎనిమిదులు?"

"నూట ఇరవై ఆరు," అన్నాడు ఇంద్రసేనన్, ఆలోచించకుండా.

"తప్పు."

"నూట... ముప్పై ఆరు."

"ఆ. కూర్చో." అతను కూర్చున్నాక ఆవిడ అంది. "తొమ్మిదో తరగతిలో నీకు ముప్పై నాలుగు మార్కులు వేశాను. ముప్పై అయిదు వస్తే పాసు."

"తెలుసు. ఆ మర్నాడే కదా నేను మద్రాసు రైలెక్కింది."

"నాలుగో లెక్కకు రెండు మార్కులు వెయ్యడం మరిచాను. కాగితాలు కట్టగట్టేటప్పుడు చూసుకున్నాను. దిద్దలేదు. టీచర్ కదా, కొడుకును పాస్ చేయించుకుందంటారని భయం."

ఇంద్రసేనన్ పెదవులు కదిలాయి. "అంటే నాకు ముప్పై ఆరా?"

"ముప్పై ఆరు."

అతను లేచి వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు. ఏడవలేదు. "ముప్పై ఆరు," అన్నాడు సుగుణన్‌తో. "విన్నావా? పాసయ్యాను," అన్నాడు నాతో. తర్వాత ఇక ఉండబట్టలేక కిటికీ దగ్గరికి పోయి, బయట ఉన్న జనానికి రెండు చేతులూ ఎత్తి, "ముప్పై ఆరు!" అని అరిచాడు. జనం అది కొత్త సినిమా పేరనుకున్నారు. బాణసంచా కాల్చారు. మరునాటి పేపర్లో ఆ పేరు వచ్చింది, మూడో రోజుకు కొల్లంలో గోడల మీద రాతలు వెలిశాయి. ఇక ఆ పేరుతో సినిమా తియ్యక అతనికి తప్పలేదు.

ఆ రోజు వెళ్ళబోయే ముందు ఇంద్రసేనన్ వసుమతి ముందు నిలబడ్డాడు. "అమ్మా, ఏం కావాలో అడుగు. ఏదైనా ఇస్తాను."

వసుమతి తడుముకోలేదు. పందొమ్మిదేళ్ళుగా ఆ మాట గొంతులోనే ఉన్నట్టుంది. "మీ పక్కన భార్యగా ఒక్క సినిమా, సార్."

"అమ్మా! ఏం మాటలవి!" అంటూ అతను చెవులు మూసుకున్నాడు.

"కుట్టప్పా, నీకెన్నేళ్ళు?" అంది టీచర్.

"యాభై ఏడు."

"ఆ అమ్మాయికి నలభై ఎనిమిది. తీసెయ్యి."

"తొమ్మిది."

"ఎవరు పెద్ద?"

"...నేనే."

"మరి?"



'ముప్పై ఆరు' పేరుతోనే సినిమా తీశారు. అందులో వసుమతి అసలు వయసుతోనే కనిపించింది. పసుపు రంగు చీర, జుట్టుకు నల్లరంగు, కనుబొమల మధ్య బొట్టు. మేకప్‌మ్యాన్ పదిహేను నిమిషాల్లో పని ముగించి, ఇంకేం చెయ్యాలో తోచక చుట్టూ తిరిగాడు. విడుదల రోజున కొల్లంలో మొదటి ఆటకు నేను, సుగుణన్ బాల్కనీలో కూర్చున్నాం. మొదటి సగం ఈలలు, చప్పట్లు. రెండో సగంలో ఇంద్రసేనన్ మల్లెపూలు తెచ్చి ఆమె జడలో పెట్టాడు. హాలంతా చల్లబడిపోయింది. ఎవరో లేచి, "కళ్ళు మూసుకోండ్రా!" అని అరిచారు. బాల్కనీ మొత్తం రెండు చేతులతో కళ్ళు మూసుకుంది. సుగుణన్ ఒక్కడే కళ్ళార్పకుండా చూశాడు. కిందినుంచి ఒకడు చెప్పు విసిరాడు. అది పోయి తెర మీద వసుమతి బుగ్గకు తగిలింది. వాడే ముందుకు పరుగెత్తి, తెరకు చేతులు జోడించి, "తప్పయిపోయిందమ్మా," అని ఏడ్చాడు.

నాలుగో రోజుకు సినిమా ఎత్తేశారు. కోట్టయం పత్రిక ఒకటి మాత్రం, కథానాయికగా వేసిన కొత్తమ్మాయికి మంచి భవిష్యత్తు ఉందని రాసింది. వసుమతి ఆ ముక్క కత్తిరించి దాచుకుంది.

ఆ తర్వాత ఆమెకు తల్లి వేషాలు రాలేదు. "ఒకసారి పెళ్ళాం అయిన మనిషి మళ్ళీ తల్లెలా అవుతుందయ్యా దివాకరా?" అనేవారు నిర్మాతలు నాతో. ఇంద్రసేనన్‌కు త్రిశ్శూర్ నుంచి కొత్త తల్లిని తెచ్చారు. ఆ పిల్లకు ముప్పై ఒకటి. అతను మాత్రం నెలకోసారి మాన్నార్ వెళ్ళి, వాళ్ళమ్మ పలకమీద వేసిన లెక్కలు చేసి వచ్చేవాడట. మాటలు అప్పటికీ తక్కువేనట గానీ, ఒక్కోసారి మూడు గంటలు కూర్చునేవాడట. టీచర్ మాకు కార్డు రాసేది: 'కుట్టప్పన్ భిన్నాల దగ్గర ఉన్నాడు.'

ఏడాది పాటు వసుమతి పొద్దున రేవుకు పోయి పడవలు చూసి వచ్చేది, అంతే. సుగుణన్ జుట్టుకు మళ్ళీ రంగేశాడు. స్కూటర్ మీద ఆమె ఇప్పుడు అతని నడుము గట్టిగా పట్టుకుని కూర్చునేది. ఒక రోజు ఫల్గుణన్ పిళ్ళ కర్ర పొడుచుకుంటూ వచ్చాడు.

"నాటకం ఒకటి రాయించాను తల్లీ. పడవ యజమానురాలి కథ. పిల్లల్లేరు. జబ్బులేదు. చివరిదాకా చావదు. జనం చూస్తారో లేదో నాకే తెలియదు."

"విధవా?"

"కాదు. మొగుడు వంట చేస్తాడు."

"ఎప్పుడు మొదలు?" అంది.

నేను మళ్ళీ స్టూలెక్కాను. ఆ నాటకం కాయంకుళం నుంచి కాసర్‌గోడ్ దాకా నాలుగు వందల చోట్ల ఆడింది. రెండో అంకంలో ఒక రంగం ఉంది. పడవ దిగి వచ్చిన ఆమె కాళ్ళు చాపుకుని నేల మీద కూర్చుని, కర్రపెండలం, ఎర్రటి చేపల పులుసు పెట్టుకుని తింటుంది. రచయిత రాసింది ఒక్క వాక్యమే: తిని లేస్తుంది. వసుమతి నిజంగా తినేది. ముప్పై ఒక్క సినిమాల్లో ఆమె వడ్డించడమే గానీ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకోలేదని నాకు అప్పుడు గానీ తట్టలేదు. ముల్లు తీసి పక్కన పెట్టేది, వేళ్ళు నాకేది, పులుసు ఇంకాస్త పోసుకునేది. నాలుగు నిమిషాలు, ఒక్కోసారి ఐదు. ఒక్క మాట లేదు. నా ఒళ్ళో ప్రతి ఉండేది గానీ అందించడానికి అందులో ఏమీ లేదు.

జనం ఈలలు వేస్తారని మొదటి రోజు భయపడ్డాం. వెయ్యలేదు. చూస్తూ కూర్చున్నారు. పయ్యన్నూర్‌లో ముందు వరసలో ఒక ముసలామె మాత్రం ఆగలేక, "ఆ తలకాయ వదిలేశావేం పిల్లా, తిను!" అని కేకేసింది.

వసుమతి కంచంలోకి చూసి, తలకాయ తీసుకుని, నింపాదిగా చీకడం మొదలుపెట్టింది.